మెడకు బరువు కాని కెమెరా

ప్రశ్న: నేను హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పరకాల దగ్గర పల్లె. రెండేళ్లుగా ఫోన్‌తోనే ఫోటోలు తీస్తున్నాను, ఇప్పుడు పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది. ట్యూషన్లు చెప్పి దాచుకున్నదీ, నాన్న ఇస్తానన్నదీ కలిపితే 40,000 రూపాయలు అవుతాయి. పెళ్లిళ్ల ఫోటోలు తీసే ఒక స్టూడియో ఆయనను అడిగితే, చిన్న కెమెరాను ఎవరూ లెక్కచేయరు, కొంటే పెద్ద బాడీ, రెండు లెన్సులు ఉన్న సెట్టే కొనమన్నారు. నేను రోజూ బస్సులో తిరిగేదాన్ని. వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప, ఎనుమాముల మార్కెట్, బతుకమ్మ ఆటలు తీయాలని నా కోరిక. చిన్నగా, తేలికగా, నా డబ్బుకు అందేలా ఏ కెమెరా తీసుకోవాలి సార్? – ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: స్టూడియో ఆయన మాట ఆయన వృత్తి వరకు నిజమే. పెళ్లి పందిట్లో పెద్ద కెమెరా మెడలో ఉన్నవాడికే చుట్టాలు పక్కకు జరిగి దారి ఇస్తారు. అయితే మీరు వెళ్లదలచుకున్న చోట్ల ఇదే గుణం అడ్డం తిరుగుతుంది. మార్కెట్లో మిర్చి బస్తా విప్పుతున్న రైతు ముందు, వాకిట్లో తంగేడు పూలు పేరుస్తున్న ఆడవాళ్ల ముందు పెద్ద లెన్స్ ఎత్తితే వాళ్లు పని ఆపి, కొంగు సర్దుకొని, బిగుసుకొని నిలబడతారు. చిన్న కెమెరా అయితే ఒక్కసారి తలెత్తి చూసి మళ్లీ పనిలో పడతారు. మీకు కావలసిన ఫోటో ఆ తర్వాతే దొరుకుతుంది.

బరువు సంగతి కొనకముందే తేల్చుకోవాలి. లీటరున్నర నీళ్ల సీసాను నిండా నింపి, తాడుతో మెడకు వేలాడదీసుకొని ఒక సెలవు రోజంతా ఇంట్లోనూ అంగడిలోనూ తిరిగి చూడండి. ఎవరైనా నవ్వితే మాత్రం నా పేరు చెప్పకండి. పెద్ద సెన్సర్ (వెలుగును పట్టి ఫోటోగా మార్చే చిప్) ఉన్న బాడీకి ఎఫ్/2.8 జూమ్ లెన్స్ తగిలిస్తే బరువు దాదాపు అంతే ఉంటుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుందని లెక్క. ఆ తర్వాత అర లీటరు సీసాతో అదే పని చేయండి. మీ కెమెరా ఈ రెండో సీసాకు దగ్గరగా ఉండాలి. నేను మొదటిసారి మేడారం జాతరకు వెళ్లినప్పుడు అరువు తెచ్చుకున్న పెద్ద కెమెరానూ, మోచేతి పొడవు జూమ్ లెన్సునూ మోసుకుపోయాను. జంపన్న వాగు దాటేసరికే మెడ పట్టేసింది. మధ్యాహ్నం దాన్ని సంచిలో పెట్టినవాణ్ణి మళ్లీ సాయంత్రం వరకు బయటికి తీయలేదు. నెత్తిన బంగారం, అంటే బెల్లం, మోసుకొస్తున్న ఒక ముసలమ్మ నా పక్క నుంచే వెళ్లింది. సంచి జిప్పు తీసేలోపు జనంలో కలిసిపోయింది.

చిన్నదంటే ఎంత చిన్నది అన్నది తర్వాతి ప్రశ్న. ఫోన్‌ను దాటి నేర్చుకోవాలంటే బాడీ ఎంత చిన్నదైనా ఫరవాలేదు, సెన్సర్ మాత్రం మరీ చిన్నది కాకూడదు. మామూలు ధరల ఫోన్లలో సెన్సర్ వైశాల్యం 30 చదరపు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఏపీఎస్-సీ అని పిలిచే సెన్సర్ కొలత నికాన్, సోనీ కెమెరాల్లో సుమారు 23.5×15.6 మి.మీ., అంటే 366 చదరపు మిల్లీమీటర్లు. దాదాపు పన్నెండు రెట్లన్నమాట. వాన పడుతున్నప్పుడు చెంబు పెట్టడానికీ, గంగాళం పెట్టడానికీ ఉన్న తేడా ఇదే. దీనికన్నా పెద్దదైన 36×24 మి.మీ. సెన్సర్ జోలికి మీరు వెళ్లనవసరం లేదు. బాడీ ధర ఎలాగో సర్దుకున్నా, దానికి తగిన లెన్సుల ధర, బరువు మిమ్మల్ని వెంటాడుతాయి.

ఇక అసలైన తగువు డీఎస్‌ఎల్‌ఆర్‌కూ మిర్రర్‌లెస్‌కూ మధ్య. డీఎస్‌ఎల్‌ఆర్ లోపల ఒక అద్దం ఉంటుంది, లెన్స్ గుండా వచ్చిన వెలుగును అది పైకి మళ్లించి మీ కంటికి చేరుస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు కాబట్టి బాడీ పలచబడుతుంది, సెన్సర్ చూస్తున్నదే చిన్న తెర మీద మీకు కనిపిస్తుంది, ఫోటో నల్లబడుతుందో తెల్లబడుతుందో నొక్కకముందే తెలిసిపోతుంది. నేర్చుకునేవారికి ఇది చాలా మేలు చేసే గుణమని నేను ఒప్పుకుంటాను. అయినా మీ 40,000కు నేను మొదట చెప్పే పేరు ఒక డీఎస్‌ఎల్‌ఆర్‌దే. అది 2018లో వచ్చిన నికాన్ డి3500. తయారీ ఆగిపోయింది కనుక సెకండ్ హ్యాండ్‌లోనే వెతకాలి. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న ఈ బాడీ బ్యాటరీ, మెమొరీ కార్డుతో కలిపి 415 గ్రాములు తూగుతుంది. ఒకసారి చార్జ్ చేస్తే కంపెనీ లెక్క ప్రకారం 1,550 ఫోటోలు వస్తాయి. ఈ తరగతి మిర్రర్‌లెస్ కెమెరాలు మూడు నాలుగు వందల దగ్గరే అలసిపోతాయి. జాతరలో చార్జింగ్ పెట్టుకోవడానికి ఎవరి గుడారం వెతుక్కుంటారు?

నా మొగ్గుకు బ్యాటరీ కన్నా పెద్ద కారణం లెన్స్. నికాన్ 2009లో తెచ్చిన ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్/1.8 జీ అనే లెన్స్ 200 గ్రాములే ఉంటుంది, ఎన్నో ఏళ్లుగా అమ్ముడవుతున్నది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో సులువుగా దొరుకుతుంది. జూమ్ కాదు, దగ్గరికి కావాలంటే మీరే నాలుగు అడుగులు వేయాలి. అది ఏం చేస్తుందో సద్దుల బతుకమ్మ రాత్రి మీకే తెలుస్తుంది. పద్మాక్షి గుట్ట దగ్గర చెరువు గట్టున, స్తంభాల లైట్ల కింద ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తున్నారనుకోండి. కెమెరాతో వచ్చే 18–55 మి.మీ. కిట్ లెన్స్ 35 మి.మీ. దగ్గర ఎఫ్/4.5 కన్నా పెద్దగా తెరుచుకోదు. ఆ వెలుగులో షట్టర్, అంటే సెన్సర్ ముందు తెరుచుకొని మూసుకునే తలుపు, 1/15 సెకనుకు పడిపోయిందంటే చేతులన్నీ పొగలా చెదిరిపోతాయి. ఈ 35 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/1.8కు తెరిస్తే ఆరు రెట్ల వెలుగు లోపలికి వస్తుంది, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ముట్టుకోకుండానే షట్టర్ సుమారు 1/100కు చేరుతుంది. చప్పట్లలో చేతులు చేతుల్లా కనిపిస్తాయి. కిట్ లెన్స్‌లో చేతి వణుకును ఆపే ఏర్పాటు ఉంది కదా అని దుకాణంలో చెబుతారు. అది ఆపేది మీ చేతి వణుకును, ఆడేవాళ్ల కదలికను కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. డి3500 బాడీలో ఫోకస్ తిప్పే మోటారు లేదు. లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో ఉంటేనే దానంతట అది ఫోకస్ అవుతుంది. పాత 50 మి.మీ. ఎఫ్/1.8 డి లెన్స్ చవకగా వస్తుందని ఎవరైనా అంటగట్టబోతే తీసుకోకండి, ప్రతి ఫోటోకూ చేత్తో ఫోకస్ తిప్పుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

ఈ కెమెరాకు లోపాలు లేవని నేను అనను. తెర కదలదు, తాకితే పలకదు. వైఫై లేదు, బ్లూటూత్ ఒక్కటే ఉంది. 4కె వీడియో లేదు, బయటి మైకు పెట్టే వీలు లేదు. మీ ఉత్తరంలో వీడియో ఊసే లేదు కనుక వీటిని నేను పెద్దగా పట్టించుకోలేదు. వారంటీతో కొత్తదే కావాలని ఇంట్లో పట్టుబడితే, 2023లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్100 చూడండి. బ్యాటరీ, కార్డుతో 356 గ్రాములు, 18–45 మి.మీ. కిట్ లెన్స్ 130 గ్రాములు, రెండూ కలిసి అర కిలో దాటవు. అయితే డబ్బంతా అక్కడే అయిపోతుంది, రాత్రి వెలుగుకు తగిన లెన్స్ మరో ఏడాదికి వాయిదా పడుతుంది. దీని తెర కూడా కదలదు, తాకితే పలకదు. 2014 నాటి సోనీ ఏ6000 సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతుంది. 344 గ్రాముల ఆ బాడీ ఈ మూడింటిలో చిన్నది, కానీ దానికి మంచి ఎఫ్/1.8 లెన్సులు నికాన్ 35 అంత చవక కావు. అందుకే నా ఓటు మళ్లీ డి3500కే పడుతుంది. బాడీనీ కిట్ లెన్స్‌నూ కలిపి 28,000 లోపు బేరం చేయండి, 35 మి.మీ.కు పది వేల లోపు ఉంచుకోండి, మిగిలిన దానితో మంచి కంపెనీ కార్డు ఒకటి కొనండి. రెండో జూమ్ లెన్స్ ఉచితంగా ఇస్తామన్నా ఆ ధర సెట్టులోనే కలిసి ఉందని గుర్తుంచుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనడంలో నేను ఒకసారి చేతులు కాల్చుకున్నాను. వరంగల్‌లోనే ఒక దుకాణంలో లెన్స్ కొని, పగలంతా తీసి మురిసిపోయి, రాత్రి దీపాల ఫోటో తీస్తే ప్రతి దీపం చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లటి మసక వచ్చింది. ఇంటికి వచ్చి వెనుక నుంచి టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడులాంటి సన్నని పోగులు పాకి ఉన్నాయి. అది ఫంగస్. మీరు కొనేముందే ఈ పని చేయండి. లెన్స్‌కు రెండు వైపులా మూతలు తీసి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి, రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. రెండు మూడు దుమ్ము రేణువులు కనిపిస్తే భయం లేదు, పోగులు కనిపిస్తే మాత్రం ధర ఎంత తగ్గించినా తిరిగి ఇచ్చేయండి. తర్వాత ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది మరకలు బయటపడతాయి. నికాన్ కెమెరాల్లో షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఆ లెక్క ప్రతి ఫోటో ఫైల్లోనే నమోదై ఉంటుంది, మీ కార్డు పెట్టి ఒక ఫోటో తీసి కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. ఆ లెక్క ఇరవై ముప్పై వేల లోపు ఉంటే నిశ్చింతగా తీసుకోండి. బిల్లు అడగండి, బిల్లు మీది నంబరూ కెమెరా అడుగున ఉన్న నంబరూ ఒకటేనా అని సరిచూడండి.

కొన్నాక మొదటి పాఠానికి రామప్పను మించిన బడి లేదు. పాలంపేటలో 1213లో కట్టిన ఆ గుడి గోడలు ఎర్రని ఇసుకరాతివి, చూరు కింద నిలబడిన మదనికలు నున్నగా మెరిసే నల్లరాతివి. కెమెరాకు నలుపూ తెలుపూ తెలియవు, ఎదుట ఏది ఉన్నా బూడిద రంగు వెలుగుకు తేవాలని చూస్తుంది. కాబట్టి మదనికను నిండుగా పెట్టి నొక్కితే నల్లరాయి కాస్తా వెలిసిపోయిన సిమెంటులా వస్తుంది. ఫోటో వెలుగును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మీటను పట్టుకొని చక్రాన్ని తిప్పి −1కు తెచ్చి మళ్లీ తీయండి, రాతి నునుపు, నగల అంచుల మీది మెరుపు వెనక్కి వస్తాయి. మరునాడు ఎనుమాములలో తెల్లటి పత్తి రాశి ముందు దీనికి సరిగ్గా తిరగేసి +1 పెట్టాలి, లేకపోతే పత్తి మాసిన దూదిలా పడుతుంది. ఈ ఒక్క మీట చేతికి అలవాటయ్యే వరకు మిగతా మెనూల్లోకి వెళ్లకండి. ఇంకో మాట, రామప్ప, వేయిస్తంభాల గుడి, కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్లు. అక్కడ ట్రైపాడ్ నిలపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. చేతిలో పట్టేంత చిన్న కెమెరా ఉన్నవారికి ఆ తిప్పలు ఉండవు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. కెమెరా కావాలని ఏడాదిగా అడుగుతున్నాడు. ఆన్‌లైన్‌లో 48 మెగాపిక్సెళ్లు, 16 రెట్ల జూమ్ అని రాసి ఆరేడు వేలకే కొత్త చిన్న కెమెరాలు చూపిస్తున్నారు. కొనవచ్చా? – ఒక తండ్రి, జమ్మికుంట

జవాబు: కొనవద్దు. ఇది నేను వెనుకాముందూ చూడకుండా చెప్పగలిగిన మాట. పేరు తెలియని కంపెనీల ఆ కెమెరాల్లో ఉండేది ఫోన్‌లో ఉన్నంత సెన్సరో, అంతకన్నా చిన్నదో. 48 అన్న అంకె, తక్కువ చుక్కలతో తీసిన ఫోటోను సాఫ్ట్‌వేర్ సాగదీస్తే వచ్చేది. 16 రెట్ల జూమ్ డిజిటల్ జూమ్, అంటే ఫోటో మధ్య భాగాన్ని కత్తిరించి పెద్దది చేయడం. ఆ పని మీ ఫోన్ కూడా చేస్తుంది. మెగాపిక్సెళ్ల మోజు గురించి ఒక చిన్న లెక్క చెబుతాను. 2011లో వచ్చిన కెనాన్ 1100డి కెమెరాకు ఉన్నవి 12 మెగాపిక్సెళ్లే, ఫోటో అడ్డంగా 4,272 చుక్కలు, నిలువుగా 2,848. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే 14 అంగుళాల వెడల్పు వస్తుంది. ఇంట్లో గోడకు తగిలించే 12×8 ఫోటోకు అది సరిపోయి మిగులుతుంది.

కాబట్టి మీరు పది వేల లోపు అనుకుంటే ఆ 1100డి కానీ, 2010 నాటి నికాన్ డి3100 కానీ, కిట్ లెన్స్‌తో సహా ఎవరి బీరువాలోనైనా మూలుగుతున్నదేమో మీ చుట్టాలలో వాకబు చేయండి. మనవాళ్ల ఇళ్లలో బిడ్డ పుట్టినప్పుడు కొని రెండో పుట్టినరోజు నాటికి మూలన పడేసిన కెమెరాలు చాలానే ఉంటాయి. అవి కొత్తవాటికన్నా కాస్త బరువే, రాత్రిపూట ఐఎస్‌ఓ 1600 దాటితే ఫోటో గరుకుగా మారుతుంది. అయినా షట్టర్, అపర్చర్ (లెన్స్ రంధ్రం), ఐఎస్‌ఓ అన్న మూడింటినీ చేత్తో మార్చి నేర్చుకోవడానికి అవి చాలు. పిల్లవాడు ఒకసారి కింద పడేసినా మీ గుండె ఆగదు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుణ్ణి. లెన్సులు మార్చే ఓపిక లేదు. చొక్కా జేబులో పట్టే కెమెరాతో ఫోటోగ్రఫీ నేర్చుకోలేమా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నిశ్చింతగా నేర్చుకోవచ్చు. 2012లో వచ్చిన మొదటి సోనీ ఆర్‌ఎక్స్100 బరువు 240 గ్రాములు. దాని సెన్సర్ 13.2×8.8 మి.మీ., మామూలు ఫోన్ సెన్సర్ కన్నా దాదాపు నాలుగు రెట్లు. చేత్తో అమర్చుకునే సౌకర్యాలన్నీ అందులో ఉన్నాయి. ఏపీఎస్-సీ సెన్సర్‌నే జేబులో పెట్టుకోవాలంటే 257 గ్రాముల రికో జీఆర్ 3 ఉంది, కానీ దానికి జూమ్ లేదు, ధర ఈ పేజీలో మాట్లాడుతున్న కెమెరాలకు చాలా పైన. నా అభ్యంతరం ఒక్కటే. మొదటి ఆర్‌ఎక్స్100కు కానీ జీఆర్‌కు కానీ కన్ను ఆనించే వ్యూఫైండర్ లేదు. మే నెల ఎండలో మానేరు డ్యామ్ కట్ట మీద నిలబడి తెర చూస్తే మీకు కనిపించేది మీ ముఖమే. టోపీ అడ్డం పెట్టుకొని ఊహ మీద నొక్కవలసి వస్తుంది. మీరు తీసేది ఎక్కువగా ఉదయం, సాయంత్రం, తరగతి గదిలో అయితే ఈ బాధ ఉండదు. కొనేముందు ఏదైనా మిత్రుడి దగ్గర ఇలాంటిది ఉంటే తీసుకొని ఒక మధ్యాహ్నం ఎండలో వాడి చూడండి.

ప్రశ్న: కెమెరాను వానాకాలంలో బియ్యం డబ్బాలో పెడితే తేమ పట్టదని మా పిన్ని అంటోంది. నిజమేనా? – ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: మీ పిన్ని ఉద్దేశం మంచిదే. బియ్యం కొంత తేమను పీల్చుకునే మాటా నిజమే. కానీ బియ్యానికి ఉండే తెల్లని పిండి దుమ్ము లెన్స్ మడతల్లోకి, మీటల సందుల్లోకి చేరి, తేమ కన్నా ముందు అదే కెమెరాను పాడుచేస్తుంది. పప్పులు పోసుకునే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, నీలం రంగు సిలికా జెల్ గింజలు వంద గ్రాములు తెచ్చుకోండి. గింజలను పలచని గుడ్డలో మూటకట్టి డబ్బా అడుగున పెట్టి, పైన కెమెరాను దాని తోలు కవరు తీసేసి ఉంచండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కు అది ఇష్టమైన ఇల్లు. వాన లేని రోజుల్లో వారానికి ఒకసారైనా బయటికి తీసి వాడండి. గింజలు గులాబీ రంగుకు తిరిగాయంటే అవి ఇక తేమను పీల్చలేవు. పాత పెనం మీద సన్నని సెగకు వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. ఆ రంగు కోసం కలిపే మందు ఒంటికి మంచిది కాదు కాబట్టి, ఆ పెనాన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి.